నిండు రవికె

నా నోరు మంచిది కాదని ఉదయగిరిలో అందరికీ తెలుసు. మా అత్తకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. "నోరు మంచిదైతే ఊరు మంచిదమ్మే" అని రోజుకొకసారైనా అనేది. అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత కట్టినవాళ్లు మా ఇంటికి వచ్చి చూసి ఉండరు. ఆమె పోయాక నేను ఉత్తమురాలినేమీ కాలేదు. నోరు ఇంకాస్త పెరిగింది.

మేం రవికెలు కుట్టేవాళ్లం. చొక్కాలూ అంగరఖాలూ కుట్టే దర్జీలు ఊళ్లో ఉన్నారు గానీ వాళ్లు మగవాళ్లు. ఆడదాని ఒంటికి కొలత పెట్టాలంటే కొండ కింద మా వసారాకే రావాలి. అప్పట్లో మా వైపు రవికెకు బొత్తాలు లేవు. రెండు కొసలూ ముందుకు తెచ్చి రొమ్ముల కింద ముడి వేసుకోవడమే. ముడి వేసుకునేదే కదా, ఎట్లా కుట్టినా సరిపోతుందని అనుకునేవాళ్లను చూస్తే మా అత్తకు ఒళ్లు మండేది.

ఆమె దారంతో కొలిచేది ఆఖరున. ముందు వచ్చిన మనిషి చేత నీళ్ల బిందె ఎత్తించేది, దించమనేది, కింద కూర్చోబెట్టేది, లేపేది, వాకిలి దాకా నడిపించేది. "నిలబడి ఉంటే అందురూ ఒకటే అమ్మే. పని చేసేటప్పుడు చూడాల ఒళ్లు" అనేది. వరుస కాన్పులతో పొట్ట జారిపోయిన మనిషికి ముడి కాస్త పైకి వచ్చేటట్టు కత్తిరించేది. జారుడు భుజాలకు చెయ్యి అతికేచోట సన్నటి కుచ్చు పెట్టేది. గాజులమ్మే ఒకామెకు మగవాడి భుజాలు. ఇళ్లలోకి పోతే పిల్లలు జడుసుకుంటున్నారని ఆమె ఏడుస్తూ వచ్చింది. అత్త ఆమెకు ముదురు రంగు గుడ్డ ఏరి, చేతుల అంచు మోచేతి దగ్గరికి దించి, మెడ కోలగా తీసింది. గాజులామె అద్దంలో చూసుకొని, నేనేనా అని మళ్లీ చూసుకుంది.

పనికి పోయే ఆడవాళ్ల రవికెలంటే అత్తకు మరీ పట్టింపు. మంత్రసానికి కుట్టేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పేది. "ఇంట్లో ఉండే ఆడదాని రవికె దాని మొగుడు చూస్తాడు. పనికి పొయ్యేదాని రవికె ఊరంతా చూస్తాది. మంత్రసాని వాకిట్లోకి రాంగానే నొప్పులు పడేదానికి ధైర్యం రావాల. ఈమే పడిపోయేటట్టు ఉంటే కాన్పు ఎట్టయితాది?"

రవికె అయ్యాక తొడిగించి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, ఒకటే మాట అనేది. "నిండుగా ఉండాది." మా ఊళ్లో ఆ మాటకు ఏ లోటూ లేదని అర్థం. సన్నటి మనిషిని చూసి కూడా అనేది, లావుపాటి మనిషిని చూసి కూడా అనేది. ఆ మాట రాకపోతే రవికె ఇంకా కాలేదన్నమాట, విప్పి మళ్లీ కుట్టాలి. నా చేత ఎన్ని విప్పించిందో నాకే తెలుసు. నా రవికెల మీద ఆ మాట పడటానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

తర్వాత ధాత నామ సంవత్సరం కరువు వచ్చింది. వాన రాలేదు. వస్తుందని చూశాం, మళ్లీ రాలేదు. నా మొగుడు ఎద్దులకు మేత దొరుకుతుందని వాటిని తోలుకొని తూర్పుగా సముద్రం వైపు పోయాడు. ఎద్దులూ తిరిగి రాలేదు, ఆయనా రాలేదు. అత్తకు ఒక్కడే కొడుకు. ఆమె వాకిలి వైపు చూస్తూ కూర్చుంటే నాకు కోపం వచ్చేది. ఏడవడానికి ఒంట్లో నీళ్లు లేనప్పుడు కోపమే వస్తుంది.

కరువులో మాకు పని లేకుండా పోయిందనుకుంటారు. మొదట పెరిగింది. కొత్తవి కుట్టించుకునేవాళ్లు లేరు గానీ పాతవి బిగించమని వచ్చేవాళ్లు. కుట్టు విప్పి, లోపలికి మడిచి, మళ్లీ కుట్టేవాళ్లం. నెల తిరక్కముందే అదే మనిషి అదే రవికె తెచ్చేది. ఊళ్లో ఎవరి ఒళ్లు ఎంత తీసిందో వాళ్ల మొగుళ్లకంటే మాకే ముందు తెలిసేది. బిగించినందుకు ఇంత జొన్నపిండో, గుప్పెడు చింతగింజలో పెట్టేవాళ్లు. కొన్నాళ్లకు రవికెలే అమ్ముకున్నారు. ఆ తర్వాత మా వాకిట్లోకి ఎవరూ రాలేదు. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. ఆ ఏడు బలుసాకు కోసం పోతే మాకంటే ముందే ఎవరో దూసుకుపోయి ఉండేవాళ్లు, కంపలు మిగిలేవి.

ఆత్మకూరులో సర్కారువాళ్లు కరువు కొట్టాలు వేశారని, అక్కడ కుట్టుపని కూడా ఉందని ఎవరో చెబితే కత్తెర, సూదులు, నాలుగు గుడ్డముక్కలు మూట కట్టుకొని ఇద్దరం నడక పట్టాం. అనుమసముద్రంపేట దర్గా దగ్గర కూలబడ్డాం. అక్కడ ఒక ముసలాయన తన చేతిలోని రొట్టె తుంచి అత్తకు పెట్టాడు. ఆమె అందులో సగం నాకు పెట్టింది. నేను వద్దనలేదు.

ఆత్మకూరు బయట తాటాకు కొట్టాలు వరసగా వేసి ఉన్నాయి. తల్లీతండ్రీ పోయిన పసిబిడ్డలకు ఒక కొట్టం, గంజి వండటానికి ఒక కొట్టం. బిడ్డలను చూసే ఆయాలూ, వంట చేసేవాళ్లూ కావాలి. వాళ్లకు పొడుగు చేతుల తెల్లరవికెలు కావాలి. కుట్టుపని ఉందన్నది నిజమే. కొట్టాల మీద అధికారం చేసే దొర పెళ్లాం, దొరసాని, ఎట్లా కుట్టాలో చూపించడానికి తన పాత రవికె ఒకటి పంపింది. నడుం దగ్గర పిడికెడు, రొమ్ముల దగ్గర కుండలు పట్టేంత. మా అత్త దాన్ని ఎత్తిపట్టుకొని అటూ ఇటూ తిప్పింది.

"ఏందమ్మే ఇది, గడియారం మాదిరి?" అంది.

గడియారం కాదు, తాశీల్దారు కచేరీలో ఉండే, నడుం నొక్కుకుపోయిన ఇసుక గడియ. నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో వచ్చిన నవ్వు అది.

ఆ కొలతల్లో కుడితే మన ఆడవాళ్ల మీద గోతంలాగా వేలాడుతుంది. అత్త ఆ రవికె పక్కన పెట్టేసి, వచ్చిన ఒక్కొక్కరి చేతా ఖాళీ కుండ ఎత్తించి చూసింది. పని కోసం నిలబడిన ఆడవాళ్లలో ఎవరి ఒంటి తీరని చెబుతాను? అందరిదీ ఒకటే తీరు. పైన తల, కింద కాళ్లు, మధ్యలో ఎముకలు. రవికె తొడుక్కొని వచ్చినవాళ్లలోంచి ఆయాలను ఏరేవాడు కొట్టాల గుమాస్తా. దొర ఆయనకు చెప్పాడు, ఒంట్లో బలం ఉన్న మనుషుల్నే తీసుకోమని. పడిపోయేవాళ్లను తీసుకుంటే బిడ్డల్ని ఎవరు ఎత్తుతారు? అది తప్పని నేను అనను. కాకపోతే బలం ఉందో లేదో ఆయన చూపుతోనే చెప్పేవాడు, చెయ్యి పట్టి చూసేవాడు కాదు.

వరికుంటపాడు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. భుజాల ఎముకలు కొయ్యల్లాగా పైకి లేచి ఉండేవి. బిడ్డలిద్దరూ పోయారు. ఆయా పని రాకపోతే తానూ పోతానని తెలుసు, ఆ మాట మామూలుగా చెప్పింది. అత్త ఆమె రవికె భుజాల కింద పాతగుడ్డ రెండు మడతలు దాచి కుట్టింది. చేతులకు లోపల ఇంకో పొర వేసింది. మెడ గొంతు గుంట దాకా ఎత్తింది. కంఠం కింద ఎముకలు కనపడితే మనిషి ఆరోగ్యం అక్కడే తెలిసిపోతుందట. తొడిగించి వెనక్కి అడుగేసి, "నిండుగా ఉండాది" అంది. గుమాస్తా ఆమెను మొదటే ఏరాడు. ఆమె ఆ కరువు దాటింది. ఇప్పటికీ బతికే ఉంది, మనవళ్లతో.

గుడ్డ అయిపోగానే మా పనీ అయిపోయింది. ఆయా పనికి అత్తను ముసలిదన్నారు. నన్ను కంకర పనికి రాసుకున్నారు.

ఇక్కడ ఆ కొట్టాల పద్ధతి చెప్పాలి. వచ్చినవాళ్లకు రెండు దోవలు. పని చేయలేనివాళ్లకు గంజి దొడ్డిలో రెండు పూటలా ఊరికే గంజి పోస్తారు. చేయగలిగినవాళ్లు కలువాయి దారిలో ఎండలో కూర్చొని రాళ్లు కొట్టాలి, సాయంత్రానికి కూలి. ఆ కూలి ఒక మనిషి ఒక పూట తినడానికి చాలదు. ఎవరు ఏ దోవో మళ్లీ ఆ గుమాస్తానే చూసి చెబుతాడు. ఒళ్లుంటే రాళ్లు, ఎముకలుంటే గంజి.

నా కూలిని ఇద్దరం తింటున్నాం. అంటే ఇద్దరం చస్తున్నాం. అత్తకు సుత్తి ఎత్తే శక్తి లేదు, ఆ సంగతి నాకు తెలుసు. బిందె ఎత్తేటప్పుడు మనిషిని చూడటం నేర్పింది ఆమే కదా. ఆమె ముంత ఎత్తినా చెయ్యి వణుకుతోంది. గంజి దొడ్డిలో చేరితేనే ఆమె బతుకుతుంది. వరికుంటపాడు ఆయా కూడా అదే చెప్పింది. "ఆ గుమాస్తా జబ్బలూ, మెడకింద ఎముకలూ చూస్తాడక్కా. అవి కనపడితే గంజే" అంది.

"రవికె లేకుండా పోదాం అత్తా, కొంగు కప్పుకుందువు" అన్నాను.

"నా ఎముకలు ఊరికి చూపించి గంజి తాగమంటావా?"

"ఆ దొడ్డిలో ఎవురికుండాది రవికె?"

"వాళ్లు రవికెలు కుట్టేవాళ్లు కాదు."

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నాను. వితంతువైనా మా కులంలో రవికె తీయరు. ఆమె పదేళ్ల వయసు నుంచి రవికె లేకుండా గడప దాటిన మనిషి కాదు. తలకిందులుగా తపస్సు చేసినా ఒప్పుకోదని నాకు తెలిసిపోయింది.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. ఆమె ఒంటి మీదున్న రవికె ఆమె చేతిది. లోపల మనిషి ఎంత తీసినా దాన్ని సర్దుకుంటూ వచ్చింది కాబట్టి పైకి ఏమీ తెలియదు. మూటలో మిగిలిన గుడ్డతో నేనొక రవికె కుట్టాను. నా బతుకులో చెడగొట్టాలని కుట్టిన రవికె అదొక్కటే. మెడ ఇంత వెడల్పున తీశాను, జారి ఒక భుజం మీద ఆగేటట్టు. చేతులు జబ్బ సగానికే ఆపాను. వీపున గుడ్డ ఎక్కువ వదిలాను, అది తిత్తిలాగా వేలాడాలి, లోపల మనిషి లేదని చెప్పాలి. మంచి రవికె కుట్టడం కంటే చెడ్డ రవికె కుట్టడమే కష్టం. చెయ్యి దానంతటదే సరైన చోటికి పోతుంది.

తొడిగించాను. నిజంగానే చూడలేకపోయాను. అత్త తన రెండు జబ్బలనూ మార్చి మార్చి చూసుకుంది.

"ఇదేంది?" అంది.

"దీంతోనే నీకు గంజి. రేపు పొద్దున వరసలో నిలబడదాం. నువ్వేం మాట్లాడొద్దు."

"నువ్వే కుట్టినావా?"

"నేనే."

ఆమె దాన్ని విప్పి, మడిచి తల కింద పెట్టుకుంది. ఒప్పుకుందనుకున్నాను. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదని ఇన్నేళ్లు కాపురం చేసి కూడా నాకు తట్టలేదు.

పొద్దున్నే నేను పెన్నలో చెలమ నీళ్లకు పోయాను. ఇసుకలో గుంట తీసి, నీళ్లు ఊరే దాకా కూర్చొని, కొబ్బరిచిప్పతో తోడుకోవాలి. నా ముందు చాలామంది ఉన్నారు. నేను వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. గంజి వరస అప్పుడే కదిలింది. వరసలో అత్త ఉంది, నా కోసం ఆగకుండా. నేను కుండ దించి పరిగెత్తాను. దగ్గరికి పోయి చూశాను.

రవికె నేను కుట్టింది కాదు. గుడ్డ అదే. వీపున వేలాడిన గుడ్డను తీసి జబ్బలకు అతికింది. భుజాల మీద సన్నటి కుచ్చు. మెడ గొంతు గుంట దాకా వచ్చింది. చూపు ఆననిది, ముంత పట్టుకుంటే చెయ్యి వణికేది, ఒక పొద్దులో ఎట్లా విప్పిందో, ఎట్లా కుట్టిందో! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. కరువు మొదలైనాక అంత అందమైన రవికె నేను చూడలేదు.

"ఏం చేసినావు అత్తా? ఏం చేసినావు?" అన్నాను.

"అట్టాంటిది తొడుక్కొని నలుగురిలో నిలబడితే, ఎవురు కుట్టినారని అడగరా?" అంది మెల్లగా. "నా కోడలని చెప్పాల్నా? ఈ కరువు ఎల్లకాలం ఉంటాదా? రేపు నీకు పనెవురిస్తారు? నాకెట్టాగూ మూడినాది. నీ చెయ్యి చెడ్డదనిపించుకోబాక."

అప్పుడైనా లాక్కుపోదామనుకున్నాను. అంతలో వరస కదిలి గుమాస్తా ముందుకు వచ్చాం. ఆయన చెడ్డవాడేం కాదు. వేలమందిని చూసి చూసి కళ్లు మొద్దుబారిన మనిషి. అత్తను పై నుంచి కిందికి చూశాడు.

"ఏమవ్వా, మనిషివి నిండుగానే ఉండావే! ఇంత ఒళ్లు పెట్టుకొని గంజికొచ్చినావా?"

నిండు అనే మాట వినగానే అత్త ముఖం మారింది. నేను చూశాను. సంతోషపడింది. మా వసారాలో ఎవరైనా రవికె తొడుక్కొని అద్దం ముందు నిలబడ్డప్పుడు ఎట్లా ఉండేదో అట్లా ఉంది ఆమె ముఖం. ఆ క్షణం ఆమెను చంపేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

"అది కుట్టయ్యా! లోపలేం లేదు! ముంత ఎత్తమని చూడండి!" అని అరిచాను.

"నువ్వు రాళ్ల పనిదానివి కదా, ఇక్కడేంది నీకు?" అన్నాడు గుమాస్తా. వెనకవాళ్లు తోశారు. అత్త చెయ్యి పట్టుకొని "కొంగన్నా తియ్యి అత్తా, జబ్బ చూపించు" అని బతిమాలాను. ఆమె కొంగు ఇంకా దగ్గరికి లాక్కుంది.

ఆమెనూ కంకర పనికే రాశారు, నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. నా కుప్పలోంచి రాళ్లు ఆమె కుప్పలోకి తోసేదాన్ని. కొట్టలేక కొట్టలేక కొడుతూ, దారినపోయే ఆడవాళ్ల రవికెలు చూసేది. "దానికి చంకలో బిగువెక్కువైంది" అనేది. నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఉన్న కాసిన్ని రోజులూ కోపంలోనే పోగొట్టుకున్నాను. నా స్వభావం అది.

ఒకరోజు ఎండ దిగకముందే, సుత్తి చేతిలో ఉండగానే, ఆమె పక్కకు ఒరిగింది. నిద్రపోతోందనుకున్నాను.

కంకర పని చూసే మేస్త్రి వచ్చాడు. ఆయన వెనకే ఆయన పెళ్లాం, కూలి జొన్నలు కొలిచే మనిషి, వచ్చింది. ఆయన కలరా ఏమోనని వంగి చూసి, "వాంతులేమన్నా అయినాయా?" అన్నాడు.

"ఆకలయ్యా" అన్నాను.

"ఊరుకో. ఇంత నిండు మనిషి ఆకలికి ఎట్ట పోతాది? ఎండదెబ్బ అయ్యుంటాది."

నా చెయ్యి ఆమె రవికె ముడి మీదికి పోయింది. ఒక్క ముడి విప్పితే చాలు. గుడ్డ కింద ఏముందో ఆ మేస్త్రీ చూసేవాడు, దారిలో ఉన్నవాళ్లందరూ చూసేవాళ్లు. వేళ్లు ముడిలోకి దూర్చాను కూడా. మగవాళ్లు చుట్టూ నిలబడి ఉన్నారు. ఎముకలు ఊరికి చూపించమంటావా అన్న మాట చెవిలో వినపడింది. వదులైన ముడిని ఇంకొంచెం బిగించి, కొంగు సర్దాను.

మేస్త్రి పెళ్లాం దగ్గరికి వచ్చింది. వంగి రవికె భుజం దగ్గర వేలితో తడిమింది.

"ఈ కుట్టు ఎవురిదమ్మా?" అంది.

అత్త ఏం చెప్పమంటుందో నాకు తెలుసు.

"నాదే" అన్నాను.

"నాకు రెండు కుట్టిపెడతావా? గుడ్డ ఉండాది. జొన్నలిస్తాను."

మర్నాటి నుంచి నేను రాళ్లు కొట్టలేదు. మేస్త్రి కొట్టంలో నీడన కూర్చొని రవికెలు కుట్టాను. ఆమె ద్వారా ఇంకొకరు, వాళ్ల ద్వారా ఇంకొకరు. వానలు వచ్చే దాకా అదే నా కూడు. తర్వాత పాదరీల మిషను బడిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పే పంతులమ్మనయ్యాను, అక్కడే ఈ నాలుగు అక్షరాలూ నేర్చుకున్నాను. నా దగ్గర నేర్చుకునే పిల్లలు కుట్టిన రవికె బాగుంటే బాగుందంటాను, మంచిదంటాను. అత్త మాట మాత్రం నా నోటికి రాదు.

ఆమెను పూడ్చేటప్పుడు గుడ్డ దండగ, రవికె తీసేయమన్నారు. తీయలేదు. నాకు అన్నం పెట్టిన రవికె అది. దాన్ని ఆమె కుట్టిందని ఇప్పుడే మొదటిసారి చెబుతున్నాను.